ఇంగ్లండ్ పల్లె చర్చిల పాత సమాధులు చూడబోయే ముందు

వేసవిలో ఇంగ్లండ్‌లోని కొండ ప్రాంతమైన కాట్స్‌వోల్డ్స్‌కు, ముఖ్యంగా పెయిన్స్‌విక్, బర్‌ఫర్డ్ చర్చి ఆవరణలకు వెళ్లేవారి కోసం.

రాతిని రుద్దకండి. అక్షరాలు కనబడలేదని బ్రష్షుతో తోమితే 300 ఏళ్లు నిలిచిన చెక్కడం సున్నపురాయి పొరతో సహా రాలిపోతుంది. మళ్లీ రాదు. రాతిపువ్వును కూడా గీకవద్దు, అదీ తరాల నుంచి పెరిగినదే.

అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి, షేవింగ్ నురగ పూయకండి, రాతి రంధ్రాల్లో ఇంకిపోతాయి. టార్చిని పక్క నుంచి వాలుగా పట్టండి. అరిగిన పేరు నీడల్లో తేలి వచ్చే ఆ క్షణం ఎంత బాగుంటుందో!

పెట్టె ఆకారపు సమాధులపై కూర్చోవద్దు, పిల్లలను ఎక్కనివ్వవద్దు. చాలావాటి లోపల బోలుగా ఉంటుంది. పలకలను బిగించిన ఇనుప కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి, రాతినే చీల్చేస్తాయి.

తేదీలు రాసుకుంటే ఉన్నది ఉన్నట్టే రాయండి. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి మరణాలకు పాత లెక్కదీ, కొత్త లెక్కదీ కలిపి రెండేసి సంవత్సరాలు కనిపించడం తప్పు కాదు.

చర్చి ఆవరణల్లో పెరిగే యూ (yew) చెట్ల ఎర్రని కాయలు పిల్లల నోటికి చేరనివ్వకండి. గింజ విషం.

ఆదివారం ఉదయం ప్రార్థన వేళ వద్దు.