గాయం తరువాత కీళ్ల అరుగుదల: జంతు నమూనాను ఎంచుకునే విధానం

మోకాలి లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగినా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరిగినా ఏళ్లు గడిచేకొద్దీ మృదులాస్థి (ఎముకల చివర్లను కప్పే నునుపైన పొర) ఎలా అరిగిపోతుందో పరిశోధించదలచినవారు, ఏ జంతువును వాడాలో తేల్చుకునే ముందు, తమ ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోవాలి.

ఏదైనా జన్యువు పాత్రను తేల్చాలంటే చిట్టెలుక అనువైనది. మోకాలి లోపలివైపు మెనిస్కస్‌ను టిబియా (మోకాలి కింది పెద్ద) ఎముకకు పట్టి ఉంచే లిగమెంటును కోసే డీఎంఎం పద్ధతిని సాధారణంగా 10 నుంచి 12 వారాల వయసున్న మగ చిట్టెలుకల్లో చేస్తారు. 4 వారాలకు స్వల్పంగానూ, 8 వారాలకు ఒక మోస్తరుగానూ అరుగుదల కనిపిస్తుంది. ఆడ చిట్టెలుకల్లో అది తక్కువగా ఉంటుందన్న కారణంతో వాటిని వదిలేయడం సమంజసం కాదు, ఎందుకంటే మోకాలి అరుగుదల మనుషుల్లో స్త్రీలకే ఎక్కువ.

అసలు చిక్కు శస్త్రచికిత్సతోనే వస్తుంది. కీలును తెరవడమే వాపును రేపుతుంది కనుక, లిగమెంటును కోయకుండా మిగతా పనులన్నీ చేసిన షామ్ (ఉత్తుత్తి శస్త్రచికిత్స) సమూహం తప్పనిసరి. అయితే గాయమైన తొలి గంటల్లో, తొలి రోజుల్లో జరిగే మార్పులే మీ ప్రశ్న అయితే షామ్ ఉన్నా ఆ వాపు ఫలితాన్ని మసకబారుస్తుంది. అప్పుడు మత్తులో ఉన్న జంతువు మోకాలిని వంచి, కాలిని యంత్రంతో నొక్కి, చర్మం తెగకుండా మోకాలి లోపలి ముందరి క్రూసియేట్ లిగమెంటును (తొడ ఎముకను టిబియాతో కలిపేది) తెంపే పద్ధతి మేలు. ఇది మనిషికి తగిలే దెబ్బకు దగ్గరగా ఉంటుంది, కాని వ్యాధి డీఎంఎం కంటే వేగంగా ముదురుతుంది కనుక పరిశీలనలను ఇంకా త్వరగా చేయాలి.

మృదులాస్థి మరమ్మతును పరీక్షించాలంటే చిట్టెలుకలోని అతి పలుచని పొర చాలదు. గొర్రె, మేక, గుర్రం వంటి పెద్ద జంతువులు కావాలి. కీళ్ల అరుగుదలను కలిగించడానికి వాడే మోనోఅయోడోఅసిటేట్ అనే రసాయనపు సూదిమందు మృదులాస్థి కణాలను నేరుగా చంపుతుంది కాబట్టి అది గాయానికి నమూనా కాదు.

గాయపడని రెండో మోకాలిని మాత్రమే పోలికగా తీసుకోకండి, కుంటడం వల్ల దానిపై భారం మారుతుంది. నొప్పి మందు ఎప్పుడూ ఆపకూడదు. అయితే స్టెరాయిడ్ రకానికి చెందని వాపు నివారణ మందులు కొలిచే వాపునే తగ్గించగలవు కాబట్టి, పశువైద్యుడితో చర్చించి ఎంచుకున్న మందును షామ్ సహా అన్ని సమూహాలకూ ఒకే మోతాదులో ఇవ్వాలి. ఏ స్లైడు ఏ సమూహానిదో తెలియని వ్యక్తి, కీలు మొత్తం మీదుగా తీసిన పలుచని కణజాల ముక్కలను 0 నుంచి 6 వరకు ఉన్న ఓఏఆర్‌ఎస్‌ఐ (కీళ్ల అరుగుదలపై పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంఘం) కొలమానంతో లెక్కించాలి. మృదులాస్థి స్కోరు నొప్పి తీవ్రతను చెప్పదు కనుక నడకను, కాలిపై మోపే బరువును విడిగా కొలవాలి.