సైకిలుకు రాత్రి కొట్టిన గాలి తెల్లవారేసరికి తగ్గుతోందా? ముందు వాల్వు చూడండి

టైరు విప్పకండి. ట్యూబంతా బయటికి లాగి, తొట్టిలో ముంచి, ఎక్కడా బుడగ రాక తల పట్టుకుని కూర్చున్నవాళ్లను ఎందరినో చూశాను. చాలామందికి లోపం వాల్వులోనే ఉండేది. అది చూడటానికి ఒక్క నిమిషం చాలు.

చక్రం తిప్పి వాల్వును పైభాగానికి తెస్తే దాని మూతి కిందికి చూస్తుంది. మూత తీసి, దగ్గు మందు సీసాతో వచ్చే కొలత గిన్నెలో నీళ్లు పోసి, మూతి మునిగేలా కింది నుంచి ఎత్తి పట్టుకోండి. అర నిమిషం ఆగండి. బుడగ వస్తే దొంగ దొరికినట్టే. మామూలు సైకిళ్లలో పిన్నుకు తొడిగిన సన్నని రబ్బరు గొట్టం, అదే వాల్వు ట్యూబు, పాతబడి పగులుతుంది. కొత్తది తడిపి, పిన్ను పక్కనున్న రంధ్రం పూర్తిగా కప్పేలా ఎక్కించండి. గేరు సైకిళ్లలో మోటారు సైకిలు తరహా వాల్వు ఉంటే లోపలి పిన్ను వదులైందేమో చూసి బిగించండి.

వాల్వు బాగుంటే అప్పుడు ట్యూబు సంగతి. విప్పే ముందు వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టండి. బయటికి తీసిన ట్యూబుకు మామూలు లావు కన్నా ఎక్కువగా ఉబ్బేదాకా గాలి కొట్టండి. మెత్తగా ఉన్నప్పుడు సూదిమొనంత రంధ్రం మూసుకుని ఉంటుంది. కొంచెం కొంచెంగా ముంచుతూ, పైన అంటుకున్న బుడగలను చేత్తో తుడిచి, ఒక్కో భాగాన్ని కదలకుండా పది లెక్కపెట్టేదాకా ఉంచండి. ఇలాంటి చోట బుడగలు వరుసకట్టి రావు. ఒకే ఒక్కటి పుట్టి, మెల్లగా పెరిగి, విడిపోతుంది.

ఇక నన్ను బాగా ఏడిపించిన కారణం. ఒక వేసవిలో మా అబ్బాయి సైకిలు ముందు చక్రానికి పది రోజుల్లో మూడు ప్యాచ్‌లు వేశాను. నాలుగోసారి ట్యూబు నేల మీద పరిచి చూస్తే మూడూ వాల్వు నుంచి దాదాపు ఒకే దూరంలో, పక్కపక్కనే ఉన్నాయి. తప్పు ట్యూబులో లేదు, టైరులో ఉంది. పల్లేరు ముల్లు గుచ్చుకున్నాక కాయ రాలిపోయి, మొన మాత్రం రబ్బరులో విరిగి మిగిలింది. బయట చూస్తే చిన్న చుక్క, లోపల తడిమితే ఏమీ తగలలేదు. మనిషి ఎక్కి టైరు నేలకు అణిగినప్పుడే అది లోపలికి పొడుచుకొచ్చి ట్యూబును గుచ్చుతుంది. లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఇనుప తీగ ముక్క కూడా ఇలాగే చేస్తుంది.

అందుకే సుద్ద గీత. ట్యూబు వాల్వును గీత దగ్గర పెట్టి, రంధ్రం ఎంత దూరంలో ఉందో టైరు మీద కొలవండి. ట్యూబు తిరగబడి ఉండవచ్చు కాబట్టి గీతకు రెండు వైపులా కొలవాలి. అక్కడ టైరు లోపలి వైపు పైకి వచ్చేలా మడిచి వెలుతురులో చూడండి. వేలిని నమ్మకండి, దూది ఉండతో రుద్దండి. ముల్లు వాలి ఉంటుంది, ఒక దిక్కున రుద్దితే తప్పించుకుంటుంది, కనుక రెండు దిక్కులా రుద్దండి. దూది పోగు పట్టుకున్న చోట గుండుసూదితో లోపలి నుంచి బయటికి నెట్టి, పట్టకారుతో లాగేయండి. తర్వాత టైరు చుట్టూ మరోసారి దూది తిప్పండి. పల్లేరు కాయ మీదుగా పోయిన టైరులో ఒకే ముల్లు ఉండటం అరుదు.

రంధ్రం రిమ్ము వైపు ఉంటే చువ్వ మొన పొడుచుకుంది. ఆకురాయితో అరగదీసి రిమ్ము పట్టీ మార్చండి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడింది. వాల్వు మొదలు దగ్గర చీలితే ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. పాత ప్యాచ్ అంచు లేస్తే సొల్యూషన్ ఆరకముందే అంటించారన్నమాట; ఈసారి ఉప్పు కాగితంతో గరుకు చేసి, పలుచగా పూసి, ఐదు నిమిషాలు ఆగి అతికించండి.

ఇన్ని చూసినా ఏమీ దొరకక, రెండు మూడు వారాలకు కొద్దిగా మాత్రమే మెత్తబడుతుంటే అది లోపం కాదు. రబ్బరు గుండా గాలి కొంత పోతూనే ఉంటుంది. పంపు తీసి కొట్టుకోండి.