డీఎఫ్ ఒక లెక్క, డీయూ ఇంకో లెక్క: లినక్స్‌లో డిస్క్ స్పేస్ చూసుకోవడం

లినక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిందని ప్రతిసారీ సూటిగా తెలియదు. డేటాబేస్ రాయడం మానేస్తుంది, వెబ్‌సైట్ సంబంధం లేని ఎర్రర్ ఏదో చూపిస్తుంది, ఒక్కోసారి ట్యాబ్ కొడితే ఫైల్ పేరు కూడా పూర్తి కాదు. అందుకే ఏం తేడాగా ఉన్నా ముందు "డీఎఫ్ -హెచ్" కొట్టండి, ఒక్కో డిస్క్‌లో ఎంత వాడారో, ఎంత మిగిలిందో చూపే కమాండ్ ఇది. సైజులు జీబీల్లో, ఎంబీల్లో వస్తాయి. యూజ్ శాతం కాలమ్ చూస్తే చాలు, టీఎంపీఎఫ్ఎస్ అని ఉన్న లైన్లు మెమరీకి సంబంధించినవి, వాటిని వదిలేయండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అయితే మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెడుతుంది, అంటే 100 జీబీలో 5 జీబీ మిగతా యూజర్లకు దక్కదు. వాడింది, మిగిలింది కలిపినా మొత్తానికి సరిపోకపోతే కంగారు పడకండి.

నిండింది సరే, తింటున్నది ఎవరు? రూట్‌గా "డీయూ -ఎక్స్‌హెచ్ -డీ1 / | సార్ట్ -ఆర్‌హెచ్ | హెడ్" కొట్టండి. డీయూ ఒక్కో ఫోల్డర్ సైజు లెక్కేస్తుంది, పెద్ద ఫోల్డర్లు పైకొస్తాయి. ఎక్స్ మర్చిపోవద్దు, అది లేకపోతే వేరే డిస్కుల్లోకి కూడా వెళ్లి లెక్కేస్తుంది, గంటసేపు కూర్చోవాల్సి రావచ్చు. పెద్దగా ఉన్న ఫోల్డర్ పేరు పెట్టి మళ్లీ అదే కమాండ్, అలా ఒక్కో మెట్టు దిగుతూ పోవాలి. చాలాసార్లు వార్ కింద లాగ్ ఫోల్డర్ దగ్గరే ఆగుతాం.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకసారి పెద్ద లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎంతో తీసేశాను, డీయూ లెక్క తగ్గింది, డీఎఫ్ మాత్రం 100 శాతం దగ్గరే నిలబడింది. ఎంత టెన్షన్ పడ్డానో! ఫైల్ పేరు పోయినా, దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ వదిలేదాకా స్థలం తిరిగి రాదని అప్పుడు తెలిసింది. "ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1" కొడితే అలాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్ కనిపిస్తాయి (ఇక్కడ ఎల్ మాత్రం పెద్దక్షరం, పైన చెప్పినవన్నీ చిన్నవే). ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే స్థలం వెంటనే వస్తుంది. అసలు నడుస్తున్న లాగ్‌ని తీసేయకండి, "ట్రంకేట్ -ఎస్ 0" అని ఫైల్ పేరు ఇచ్చి ఖాళీ చేయండి. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి కావాల్సిన లైన్లు ముందే వేరే డిస్క్ మీదకు కాపీ చేసుకోండి.

డీఎఫ్‌లో స్థలం ఉందంటోంది, అయినా ఫైల్ రాయనివ్వడం లేదా? "డీఎఫ్ -ఐ" కొట్టండి. ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఫైల్ సిస్టమ్ వాడే ఎంట్రీలు) అయిపోయి ఉంటాయి, లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్లు పేరుకుపోయిన చోట ఇలా అవుతుంది. సైజు చూస్తే దొరకదు, ఫైళ్ల సంఖ్య చూడాలి.

సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ లాగ్‌లు దాచే చోటు) పెరిగిపోతే "జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=500ఎం" చాలు, పాతవి అదే తీసేస్తుంది (ఇక్కడ 500 పక్కన ఎం పెద్దక్షరం).

ఇవన్నీ చేత్తో రోజూ కొట్టలేం కదా. "డీఎఫ్ --అవుట్‌పుట్=పీసెంట్ /" ఇచ్చే అంకె 80 దాటితే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపేది) గంటకోసారి పెట్టండి. 95 దగ్గర పెడితే లాగ్ వేగంగా పెరిగే రోజున మెయిల్ చదివేలోపే డిస్క్ నిండిపోతుంది, 80 అయితే కారణం వెతకడానికి టైమ్ ఉంటుంది.