చార్ట్‌లో తేదీలు గల్లంతవుతున్నాయా? మామిడి ధరల షీట్‌తో సమస్య - పరిష్కారం

చిత్తూరు, దామలచెరువు వైపు తోతాపురి సీజన్ మొదలైతే టన్ను ధర ఏ రోజుకారోజు ఎక్సెల్‌లో రాసుకునేవాళ్లుంటారు. మండీ లేని రోజు గడి ఖాళీగా ఉంటుంది. చార్ట్ గీయగానే అక్కడ తేడా కొడుతుంది. చార్ట్ చెరిపేసి మళ్లీ గీసే ముందు ఒకసారి గడులు చూడండి, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

సమస్య: జూన్ ధరలు కొన్ని మేలోకి, కొన్ని డిసెంబరులోకి వెళ్లిపోయాయి

ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు. కంప్యూటర్ రీజియన్ (దేశం సెట్టింగ్) అమెరికాది అయితే నెల ముందు, రోజు తర్వాత చదువుతుంది. మీరు 05-06-2024 అని జూన్ 5 రాస్తే అది మే 6 అవుతుంది. 12-06 అయితే ఏకంగా డిసెంబరు 6. ఇక 13-06 వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి అది తేదీ కాకుండా ఉత్త టెక్స్ట్‌గా మిగిలిపోతుంది.

పట్టుకోవడం తేలికే. తేదీల కాలమ్ ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి. అసలైన తేదీ అంకెగా మారుతుంది, టెక్స్ట్ మాత్రం కదలదు. 2024 జూన్ 5కి 45448 రావాలి. 45418 వస్తే అది మే 6, అంటే రోజు, నెల తారుమారయ్యాయి.

టెక్స్ట్‌గా మిగిలినవాటిని మాత్రమే సరిచేసి వదిలేయకండి, తారుమారైనవి అలాగే ఉండిపోతాయి. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) నుంచి తెచ్చిన డేటా అయితే మళ్లీ ఆ ఫైల్ దగ్గరికే వెళ్లండి. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెరిచి, ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కి, తేదీ కాలమ్‌కు ఛేంజ్ టైప్‌లో యూజింగ్ లొకేల్ ఎంచుకుని ఇంగ్లిష్ (ఇండియా) పెట్టండి. చేత్తో టైప్ చేసేవాళ్లు ముందు విండోస్ రీజియన్‌ను ఇండియాకు మార్చుకోవాలి.

సమస్య: యాక్సిస్ (చార్ట్ అడుగున తేదీలుండే గీత) 1900 నుంచి మొదలైంది

ఎక్సెల్‌కు 1 అంటే 1900 జనవరి 1. తేదీ గడిలో సున్నా ఉన్నా, చార్ట్‌కు తేదీల కాలమ్ అసలు అందకపోయినా ఇలా వస్తుంది. సున్నాలు తీసేయండి. సెలెక్ట్ డేటాలో హారిజాంటల్ యాక్సిస్ లేబుల్స్‌కు తేదీల కాలమ్ ఇవ్వండి.

సమస్య: మండీ లేని రోజు గీత సున్నాకు పడిపోయింది

మండీ లేకపోవడం వేరు, కాయకు ధర లేకపోవడం వేరు. సున్నాకు పడిన గీత చూసి రైతు హడలిపోతాడు. కాబట్టి ఇక్కడ సర్దుకుపోకూడదు. ధర గడిలో 0 గానీ, గీత గుర్తు (-) గానీ, ఖాళీగా కనిపించే ఫార్ములా గానీ ఉంటే చార్ట్ దాన్ని సున్నాగానే వేస్తుంది. గడిని నిజంగా ఖాళీ చేయండి. ఫార్ములా ఉంటే అది ఎన్ఏ ఫంక్షన్, అంటే NA() ఇచ్చేలా మార్చండి; గడిలో విలువ లేదని చెప్పే #N/A కనిపిస్తుంది. తర్వాత సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ తెరిచి గ్యాప్స్ ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో ఎన్ఏను ఖాళీగా చూపించే టిక్ కూడా అక్కడే ఉంటుంది. పాత వెర్షన్లలో ఎన్ఏ దగ్గర గీత తెగదు, ముందూ వెనకా బిందువులను కలిపేస్తుంది.

సమస్య: గ్యాప్స్ పెట్టినా గీత తెగడం లేదు

ఆ రోజులకు షీట్‌లో అసలు వరుసలే లేవన్నమాట. పక్క షీట్‌లో సీజన్ మొత్తానికి ఒక్క రోజూ వదలకుండా తేదీలు వేసి, తేదీని వెతికి దాని పక్కనున్న ధరను తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో ధరలు తెచ్చుకోండి. కచ్చితమైన మ్యాచ్ అడిగితే మొదటి షీట్‌లో లేని తేదీకి అదే ఎన్ఏ ఇస్తుంది. దాన్ని ఇఫ్ఎర్రర్‌తో (ఎర్రర్ బదులు వేరే విలువ పెట్టే IFERROR ఫార్ములా) సున్నా చేయకండి. రెండు మూడేళ్ల ధరలు ఒకే చార్ట్‌లో పెట్టేవాళ్లకు ఇది తప్పనిసరి. లేదంటే ఒక సీజన్ ఆఖరి కోత నుంచి మరుసటి ఏడాది తొలి కోతకు నేరుగా గీత పడి, మధ్య నెలల్లోనూ కాయ అమ్ముడైనట్టు కనిపిస్తుంది.

సమస్య: బార్ చార్ట్‌లో సెలవు రోజుల దగ్గర ఖాళీలు

ఇది తప్పు కాదు. డేట్ యాక్సిస్ క్యాలెండర్ ప్రకారం చోటు వదులుతుంది. ఖాళీలు వద్దనుకుంటే ఫార్మాట్ యాక్సిస్‌లో టెక్స్ట్ యాక్సిస్ ఎంచుకోవచ్చు. కానీ అప్పుడు వారం ఎడమైనా ఒక్క రోజులాగే కనిపిస్తుంది. ధర ఎంత వేగంగా పడిందో చూడాలంటే డేట్ యాక్సిస్‌నే ఉంచండి.