డోలు మొద్దుగా మోగుతోందా? ముందు స్పీకర్లను జరిపి చూడండి

పోయిన వారం హన్మకొండలో మా తమ్ముడి గదికి వెళ్లాను. ఒగ్గు కథ రికార్డింగులను విని, మోతలు తీసేసి, కంప్యూటర్‌లో భద్రపరిచే పని పెట్టుకున్నాడు. తలుపు తీస్తూనే, "అన్నా, డోలు మొత్తం మొద్దుగ వస్తుంది, మాటలు తెలుస్తలేవు. కొత్త స్పీకర్లు కొనాల్నా?" అని అడిగాడు. చూస్తే స్పీకర్లకేం కాలేదు. ఒకటి గది మూలకు నొక్కి ఉంది, ఇంకోటి మానిటర్ వెనక సగం దాక్కుంది. ఆ పూట ఒక్కో సమస్యా ఎలా సర్దామో రాస్తున్నాను.

డోలు దబదబమంటూ మాటను మింగేస్తుంటే

కారణం గోడ. బేస్, అంటే లోతైన కింది స్థాయి శబ్దం, ముందుకే కాదు, అన్ని వైపులకూ పోతుంది. వెనక గోడ ఉంటే తిరిగొచ్చి అసలు శబ్దానికి తోడవుతుంది. మూలలో పెడితే రెండు గోడలు తోడవుతాయి. ముందుగా మూల నుంచి బయటికి తీసి, గోడకు కనీసం జానెడు ఎడం ఇవ్వండి. వెనక గొట్టంలాంటి రంధ్రం ఉన్న స్పీకరైతే ఇంకొంచెం ఎక్కువే కావాలి. జాగా లేకపోతే ఆ రంధ్రంలో పాత సాక్సు చుట్టి దూర్చండి, బేస్ చాలావరకు అదుపులోకి వస్తుంది.

గది కొలతలూ చూడాలి. అద్దె గదులు పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు ఉండటం మామూలే. అలాంటి గదిలో మూడు వైపులా సుమారు 56 హెర్ట్జ్ దగ్గరి బేస్ ఒకేసారి ఉబ్బుతుంది. గోడకు తల ఆనేలా కూర్చుంటే అది మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కుర్చీని రెండడుగులు ముందుకు జరపండి. సౌండ్ సెట్టింగులు తర్వాత ముట్టుకోవచ్చు.

గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే

చాలామంది పట్టించుకోనిది ఇదే. దోషం టేబుల్‌ది. నేరుగా వచ్చే శబ్దంతో పాటు టేబుల్‌కు తగిలి వచ్చేదీ చెవిని చేరుతుంది. ట్వీటర్ (స్పీకర్‌లో పై స్థాయి శబ్దాలిచ్చే చిన్న భాగం) టేబుల్‌కు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చెవి 40 సెంటీమీటర్ల ఎత్తులో, రెండింటి మధ్య 70 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. తగిలి వచ్చే దారి దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ తేడాకు సుమారు 1,150 హెర్ట్జ్ దగ్గర రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట తేటగా వినిపించడానికి కావాల్సింది ఆ ప్రాంతమే.

కంటితో చూడాలంటే కుర్చీలో మామూలుగా కూర్చుని, పక్కవాళ్లను చిన్న అద్దం ఒకటి టేబుల్ మీద వెల్లకిలా పెట్టి మెల్లగా జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం తగులుతోంది. మా తమ్ముడికి అది కీబోర్డు పక్కనే కనిపించింది. స్పీకర్లను టేబుల్ ముందు అంచుకు తెచ్చాం. ఒక్కోదాని కింద మూడు ఇటుకలు పాత తువ్వాలలో చుట్టి పెట్టాం. ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చింది. కథకుడి మాట ఒక్కసారిగా తేటపడింది. నాకైతే ఆ క్షణం ఎంతో సంతోషమైంది.

గొంతు మధ్యలో నిలవకపోతే

దారం తీసుకోండి. స్పీకరుకూ స్పీకరుకూ ఎంత దూరమో, ఒక్కో స్పీకరుకూ మీ తలకూ అంతే దూరం ఉండాలి. రెంటినీ కొంచెం లోపలికి, మీ వైపు తిప్పండి. మానిటర్ దేనికీ అడ్డు రాకూడదు.

దూరాలు సరిపోయినా గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక, బేస్ కూడా పలచబడితే వైర్లు చూడండి. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారై ఉంటాయి. పవర్ ఆపి సరిచేయండి.

పాట లేకపోయినా గుంయ్‌మంటుంటే

ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే అది ఎర్త్ చుట్టు. రెండు ప్లగ్గుల ఎర్తులూ ఆడియో వైరూ కలిసి ఒక వలయమై మన 50 హెర్ట్జ్ కరెంటు మోతను లోపలికి తెస్తున్నాయి. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో, ఆ వలయాన్ని తెంపే చిన్న పరికరం, గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేయండి. మోత పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరవకండి, ప్రాణానికి ప్రమాదం.

చప్పట్లు కొడితే గది గణగణమంటుంటే

నున్నటి గచ్చు, ఖాళీ గోడలు. మన వరంగల్ కొత్తవాడ దర్రీ ఒకటి కింద పరిస్తే పై స్థాయి శబ్దాలు కొంత నెమ్మదిస్తాయి. బేస్‌కు మాత్రం దర్రీ పనికిరాదు.

కొనక తప్పకపోతే

డబ్బా మీద వేలల్లో రాసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో వేసే) వాట్ల అంకెను లెక్కలోకి తీసుకోకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) చూడండి. చేతికందే దూరంలో వినడానికి ఒక్కో వైపు 10-15 వాట్లు చాలు. చిన్న టేబుల్‌కు మూడంగుళాల కోను ఉన్నవి నయం, కానీ లోతైన బేస్ వాటికి చేతకాదు. డోలు అడుగు దాకా వినాల్సిన పని మీదైతే, గోడకు ఎడం ఇవ్వగలిగితేనే ఐదంగుళాలవి తీసుకోండి. కొనేముందు మీకు బాగా తెలిసిన రికార్డింగు ఫోన్లో తీసుకెళ్లి, షాపు అరలో ఉన్నవాటిని కౌంటర్ మీదికి దింపించుకుని, దగ్గరగా కూర్చుని వినండి.