మూలాలు, శీర్షం తెలిస్తే వర్గ సమీకరణం ఎలా రాయాలి?

మూలాలు (సమీకరణాన్ని నిజం చేసే x విలువలు) 1, 5 అని ఇవ్వగానే మొత్తం 6, లబ్ధం 5 వేసి x² − 6x + 5 = 0 అని రాసేస్తాం. సమీకరణం వరకూ అది సరిపోతుంది. గ్రాఫ్ గీయాలంటే మాత్రం చాలదు. x అక్షాన్ని 1, 5 దగ్గర ఖండించే పరావలయాలు (గిన్నెలాంటి వంపులు) లెక్కలేనన్ని ఉంటాయి. ఒకటి లోతుగా దిగుతుంది, ఒకటి పళ్లెంలా ఉంటుంది, ఇంకొకటి బోర్లా పడి ఉంటుంది. వాటిలో మనకు కావలసినది ఏదో శీర్షమే, అంటే వంపు మలుపు తిరిగే బిందువే, చెబుతుంది.

శీర్షం (3, −8) అనుకుందాం.

1. మూలాల సగటు తీయండి: (1 + 5) ÷ 2 = 3. శీర్షం x విలువ కచ్చితంగా ఇదే కావాలి. శీర్షం (4, −8) అని ఇచ్చి ఉంటే ప్రశ్నలోనే తప్పుంది, అక్కడే ఆగండి.

2. మూలాల మధ్య దూరంలో సగం: (5 − 1) ÷ 2 = 2. దాని వర్గం 4.

3. శీర్షం y విలువను ఆ వర్గంతో భాగించి గుర్తు మార్చండి: −8 ÷ 4 = −2, గుర్తు మారిస్తే 2. ఇదే x² గుణకం a.

గుర్తు ఎందుకు మార్చాలి? x = 3 దగ్గర (x − 1) విలువ 2, (x − 5) విలువ −2. వాటి లబ్ధం −4. దాన్ని a తో గుణిస్తే −8 రావాలి, కాబట్టి a = 2.

4. y = 2(x − 1)(x − 5) = 2x² − 12x + 10. x = 3 పెట్టి చూడండి: 18 − 36 + 10 = −8. సరిపోయింది.

ఇదే లెక్క బెంగళూరు లాల్‌బాగ్ తోటలో ఒక ఫౌంటెన్ ధారకు వేద్దాం. నీరు 0 దగ్గర లేచి, 3 మీటర్ల ఎత్తుకెళ్లి, 4 మీటర్ల అవతల అదే మట్టంలో పడిందనుకోండి. సగం దూరం 2, వర్గం 4, a = −3/4. అంటే y = −¾x(x − 4). a రుణాత్మకం కనుక వంపు కిందికి తిరిగింది.

ఎక్కువ మార్కులు పోయేది గుర్తుల దగ్గరే. మూలం −3 అయితే బ్రాకెట్‌లో (x + 3) రావాలి.

3 + √2, 3 − √2 లాంటి మూలాలొస్తే రెండు బ్రాకెట్లు గుణిస్తూ కూర్చోకండి. సగటు 3, సగం దూరం √2, వర్గం 2. నేరుగా a[(x − 3)² − 2] అని రాయండి. శీర్షం (3, −4) అయితే a = 2, జవాబు y = 2x² − 12x + 14.

రెండు మూలాలూ సమానమైతే ఈ దారి మూసుకుపోతుంది. శీర్షం x అక్షం మీదే ఉంటుంది, సగం దూరం సున్నా, సున్నాతో భాగించలేం. అప్పుడు వక్రం మీద ఇంకో బిందువు ఇవ్వాల్సిందే. శీర్షం (3, 0), మరో బిందువు (4, 5) అయితే y = a(x − 3)² లో ఆ విలువలు పెట్టండి: a = 5, y = 5(x − 3)².