తెరచాప, గాలం – 4వ పాఠం: నడుస్తున్న పడవ వెనక గాలం

పోయిన పాఠంలోని ముడులు కళ్లు మూసుకుని వేయగలిగితేనే ఈ పాఠం చదవండి. చెయ్యి ఇంకా తడబడుతుంటే నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. చేప తగిలాక ముడి సరిచూసుకునే తీరిక ఉండదు.

మ్యాప్ మీద గీసుకున్న దారి గుర్తుంది కదా? మచిలీపట్నంలో బయల్దేరి, తీరం వెంట దిగువకు సాగి, దివిసీమ కొన చుట్టి నిజాంపట్నం చేరాలి. ఈ ప్రయాణం జనవరిలో. ఎందుకంటే, అప్పటికి తుపాన్ల బెడద చాలావరకు తగ్గుతుంది, ఈశాన్యపు గాలి మాత్రం ఇంకా ఉంటుంది. కొన దాకా ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. కొన దాటి వాయవ్యానికి తిరిగామా, అదే గాలి కుడి పక్క నుంచి కొడుతుంది, పడవ జోరందుకుంటుంది. గాలం వేసేవాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సింది ఈ మార్పునే.

వంజరానికి, సూర (ట్యూనా) చేపకు పడవ దాదాపు 5 నాట్ల వేగంతో నడవాలి. అంటే గంటకు 9 కిలోమీటర్లు. అంతకన్నా బాగా తగ్గితే ఎరలో ప్రాణమున్నట్టు అనిపించదు, మరీ పెరిగితే ఎర నీళ్లలోంచి పైకి ఎగురుతుంది. వేగం తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. పడవ ముక్కు దగ్గర చిన్న కొబ్బరి పీచు ముక్క నీళ్లలో వేయండి. 20 అడుగుల పడవ దాన్ని రెండున్నర సెకన్లలో దాటితే మీ వేగం సరిపోయినట్టే. రెండు సెకన్లలోపే దాటేస్తే తెరచాప కొంచెం వదులు చేయండి. దివి కొన తిరిగాక ఇది తప్పకుండా మళ్లీ చూసుకోవాలి.

తంగూసు, అంటే గాలానికి కట్టే నైలాన్ తాడు, 30, 40 మీటర్లు వదలండి. గాలానికి ముందు అడుగున్నర స్టీలు తీగ ఉండాల్సిందే. వంజరం పళ్లు బ్లేడులాంటివి, తంగూసును ఒక్క కొరుకుతో తెంపేస్తుంది. తీగకూ తంగూసుకూ మధ్య స్వివెల్ (గుండ్రంగా తిరిగే చిన్న లింకు) పెట్టకపోతే ఎర గిర్రున తిరిగి తాడంతా మెలికలు పడుతుంది. తంగూసు రెండో చివర పడవకు నేరుగా కట్టకండి. పాత సైకిల్ ట్యూబు ముక్కకు కట్టి, ఆ ట్యూబును పడవ గూటానికి కట్టండి. చేప లాగినప్పుడు ఆ అదురంతా రబ్బరే తట్టుకుంటుంది. ట్యూబు సాగి బిగుసుకుందంటే చేప తగిలిందన్నమాట.

నీళ్ల రంగు మారే గీత కనిపిస్తే దాని అంచు వెంటే పడవ నడపండి. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర బురద నీళ్లూ తేట నీళ్లూ కలిసేచోట చిన్న చేపలు గుమిగూడతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. పక్షులు ముసురుకున్న చోటా అంతే. గుంపు మధ్యలోంచి పోతే చేపలు చెదిరిపోతాయి, పక్కనుంచి వెళ్లండి.

ఇక ట్యూబు బిగిసింది. అందరూ ముందు తాడు మీదికి ఉరుకుతారు. వద్దు! ముందు పడవ సంగతి చూడాలి. వెనక గాలిలో ఉన్నప్పుడు చుక్కాని తప్పు వైపు తిప్పారంటే బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ వాసం) ఒక్కసారిగా అటు నుంచి ఇటు కొడుతుంది, తలలు పగులుతాయి. "తల వంచండి!" అని కేకేసి, బూమ్ ఏ పక్కన ఉందో దానికి అవతలి పక్కకు ముక్కును మెల్లగా గాలికి ఎదురు తిప్పండి. తెరచాప రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది. అప్పుడు గ్లోవ్స్ వేసుకుని, గాలి వచ్చే వైపు నుంచే చేపను లాగండి. రెండో వైపు నుంచి లాగితే పడవ తంగూసు మీదికి కొట్టుకుపోయి, తాడు చుక్కానికి చుట్టుకుంటుంది. తాడు చేతికి చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ, ఎవరూ చేయకూడదు. వేళ్లు పోతాయి.

పైకి తీసిన చేప మొప్పల దగ్గర వెంటనే కోసి నెత్తురు పోనివ్వండి. చేప ఎంత బరువుంటే అంత ఐసు వేయండి. బెజవాడ, గుంటూరు మార్కెట్లలో మనకు అలవాటైన బొచ్చె, శీలావతి లెక్క వేరు. వంజరం, సూర, కానాగంతలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది, ఎంత ఉడికించినా పోదు. తిన్నవాళ్లకు ఒళ్లంతా ఎర్రబడి, తలనొప్పి, వాంతులు వస్తాయి. ఐసు అయిపోతే గాలం తీసేయండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. నీటి మీద తల కనిపిస్తే గాలం లోపలికి లాగేసుకుని పక్కకు తప్పుకోండి. దివిసీమ కొన దగ్గరి మడ అడవులు అభయారణ్యం కిందకు వస్తాయి, అక్కడ వేట వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మోటారు పడవలకు వేట నిషేధమని తెలుసు కదా. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఇచ్చే అలల సూచన చూసుకోండి. ఆపదలో ఫోన్ అందితే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఈ వారం సాధన కృష్ణలోనే. ప్రకాశం బ్యారేజీకి బాగా ఎగువన, గేట్లు ఎత్తని రోజుల్లో, పర్మిషన్ ఉన్న పడవలో లైఫ్ జాకెట్లు వేసుకుని వెళ్లండి. గాలం వద్దు. తాడు చివర నీళ్లు నింపిన బకెట్ కట్టి వెనక లాగండి. ఒకరు "తగిలింది!" అనాలి, మరొకరు పడవ ముక్కు గాలికి తిప్పాలి, ఇంకొకరు గాలి వైపు నుంచి బకెట్ లాగాలి. తర్వాత చోట్లు మార్చుకోండి. ముగ్గురూ మూడు పనులూ తడుముకోకుండా చేయగలిగిన రోజున 5వ పాఠం తెరవండి. అందులో రాత్రిపూట మొగ దగ్గర లంగరు వేయడం, పోటు పాట్ల లెక్క చూద్దాం.